ఇంట్లో సాధనకూ, వేదిక మీదికీ ఒకే డిజిటల్ పియానో

ప్రశ్న: మా అమ్మాయి అయిదు ఆక్టేవుల కీబోర్డు మీద పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటోంది. ఇక 88 మెట్ల డిజిటల్ పియానో కొనాలని మాస్టారు చెప్పారు. నేను ఆదివారాలు చర్చిలోనూ, పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్కెస్ట్రాలోనూ వాయిస్తాను. యాభై అరవై వేల రూపాయలలో మా ఇద్దరికీ పనికొచ్చేది ఏది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అమ్మాయికి ముఖ్యం మెట్టు బరువు, మీకు ముఖ్యం మోసే బరువు, వెనుకవైపు ఉండే సాకెట్లు. దుకాణంవారు సాధారణంగా వందల సంఖ్యలో ఉన్న వాయిద్య ధ్వనుల గురించి చెబుతారు గాని, ఎంపికలో ఆ లెక్కకు చివరి స్థానమే ఇవ్వండి.

అసలు పియానోలో మెట్టు నొక్కితే లోపలి సుత్తి లేచి తీగను కొడుతుంది, ఆ సుత్తి బరువుకు అలవాటు పడటమే వేళ్ళకు అసలైన శిక్షణ. అందువల్ల మెట్లకు కొద్దిపాటి బరువే ఉండే ‘సెమీ వెయిటెడ్’ రకాలను పక్కన పెట్టి, ఆ సుత్తి బరువును అనుకరించే ‘హ్యామర్ యాక్షన్’ ఉన్నవాటినే చూడండి. రోలాండ్ ఎఫ్‌పి-10, యమహా పి-145, కాసియో సిడిపి-ఎస్110 ఈ కోవలోవే. వీటిలో వేలికి అసలు పియానోను ఎక్కువగా తలపించేది ఎఫ్‌పి-10 అని నా అభిప్రాయం. మీ కొనుగోలు అమ్మాయి కోసమే అయితే జవాబు ఇక్కడితో ముగిసేది.

చిక్కు వేదిక మీద వస్తుంది. ఈ మూడింటికీ ప్రత్యేకమైన లైన్ అవుట్ (సౌండ్ మిక్సర్‌కు ధ్వనిని పంపే సాకెట్) లేదు, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచే మిక్సర్‌కు తీగ లాగాలి. ఆ సాకెట్‌లో జాక్ పెట్టగానే సాధారణంగా వాయిద్యం సొంత స్పీకర్లు ఆగిపోతాయి కనుక, మానిటర్ (వాయించేవారి వైపు పెట్టే స్పీకర్) సరిగా లేని పందిట్లో మీరు వాయిస్తున్నది మీకే వినిపించదు. కాసియో పిఎక్స్-ఎస్1100కు ఎడమ, కుడి లైన్ అవుట్‌లు విడిగా ఉన్నాయి; బరువు 11 కిలోలకు కాస్త ఎక్కువ; ఆరు పెన్సిల్ బ్యాటరీలతోనూ పనిచేస్తుంది కాబట్టి కరెంటు పోయినా పాట ఆగదు. మెట్టు లోపలి అంచు దగ్గర నొక్కినప్పుడు కొంచెం బిగువుగా ఉంటుందన్నది దానిమీద నాకున్న ఒకే ఫిర్యాదు. మీ ఇద్దరికీ కలిపి నేను సూచించేది ఇదే. రోలాండ్ ఎఫ్‌పి-30ఎక్స్‌లో మంచి మెట్లూ లైన్ అవుట్‌లూ రెండూ దొరుకుతాయి గాని, ధర పెరుగుతుంది, బరువు 15 కిలోలకు చేరుతుంది. స్టాండునూ సంచినీ కలుపుకుని రాత్రివేళ ఆటోలో ఎక్కించేటప్పుడు ఆ నాలుగు కిలోల తేడా బాగా తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. పైన చెప్పిన వాటిలో దేనికీ పిచ్ బెండ్ చక్రం (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం) లేదు. సినిమా పాటల్లో వేణువు, నాదస్వరం బిట్లు గమకాలతో వాయించాలంటే అది తప్పనిసరి. మీ పాత కీబోర్డుకు ఆ చక్రం ఉంటే అమ్మివేయకండి, ఆర్కెస్ట్రాకు దాన్నే తీసుకువెళ్ళి, పియానోను చర్చికీ ఇంటికీ ఉంచుకోవచ్చు. గాయకుల శ్రుతికి తగినట్టు మార్చుకునే ట్రాన్స్‌పోజ్ సదుపాయం మాత్రం అన్నిటిలోనూ ఉంది. పియానోతో ఇచ్చే చిన్న పెడల్ పాదం కింద నిలవదు, బరువైన పియానో తరహా పెడల్ విడిగా కొనండి.

ప్రశ్న: వాడిన డిజిటల్ పియానో కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కొనవచ్చు, అయితే 88 మెట్లనూ ఒక్కొక్కటిగా మెల్లగా, ఆ తరువాత గట్టిగా నొక్కి చూడండి. మెట్టు కింద రబ్బరు కాంటాక్టులు జతలుగా ఉంటాయి. ఒకటి తగిలాక రెండోది తగలడానికి పట్టిన సమయాన్ని బట్టి ధ్వని ఎంత పెద్దదో యంత్రం నిర్ణయిస్తుంది. వాటిలో దుమ్ము చేరితే మెల్లగా నొక్కినా స్వరం పెద్దగా పలుకుతుంది, లేదా అసలు పలకదు. శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది, కనుక ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగండి. ఆపై ధ్వనిని పూర్తిగా తగ్గించి మళ్ళీ వాయించండి. ఏదో ఒక మెట్టు మాత్రమే టకటకమంటే దాని అడుగున ఉండే ఫెల్టు అరిగిందన్నమాట. అడాప్టర్ కంపెనీదేనా, దానిమీద రాసిన వోల్టేజి పియానో వెనుక రాసినదానితో సరిపోతోందా అన్నది డబ్బు చెల్లించకముందే చూసుకోండి.