గాలి పెట్టె మూత రావడం లేదు, షాపులో 280 డాలర్లంటున్నారు

ప్రశ్న: అక్కా, మాది తణుకు దగ్గర. ఆగస్టులో ఎం.ఎస్.కి డాలస్ వచ్చాను. పాత జపాన్ కారు ఒకటి కొన్నాను. ఎయిర్ ఫిల్టర్ నేనే మార్చుకుందామని వీడియో చూసి గాలి గొట్టం, సెన్సార్ ప్లగ్గు తీశాను. ఫిల్టర్ పెట్టె మూతకున్న నాలుగు స్క్రూల్లో రెండు వచ్చాయి, రెండింటి తలలు అరిగిపోయాయి. షాపులో అడిగితే పెట్టె మొత్తం మార్చాలి, 280 డాలర్లవుతుంది అన్నారు. ఇవ్వాలా, నేను తీయగలనా?

జవాబు: తమ్ముడూ, ఇవ్వకు. ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టెయ్. ఇంకో పది తిప్పులు తిప్పావంటే ఇప్పుడున్న కాస్త గాడి కూడా పోతుంది, అప్పుడు నిజంగానే షాపుకి వెళ్లాల్సి వస్తుంది. 280 డాలర్లంటే 23,000 రూపాయల పైమాటే. ఆ డబ్బు తణుకులో మీ ఇంట్లో ఎన్ని పనులకు వస్తుందో ఒకసారి లెక్క వేసుకో. మీ తరం పిల్లలు ఈ లెక్క వేయడం మానేశారు. కార్డు గీకేస్తే అయిపోతుంది అనుకుంటున్నారు.

నేను 2007లో ఒహాయో వచ్చాను. అప్పుడు డాలరు నలభై రూపాయల చుట్టూ ఉండేది. నాన్నగారు పాలకొల్లు దగ్గర మా కొబ్బరి తోట తాకట్టు పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పంపారు. మొదటి చలికాలంలో ముగ్గురు అమ్మాయిలం కలిసి పాత కారు కొన్నాం. ఒక రోజు ఆయిల్ మార్చడానికి వెళితే ఎయిర్ ఫిల్టర్ నల్లగా ఉంది, మార్చడానికి 70 డాలర్లు అన్నారు. మనసులో 2,800 రూపాయలు అనుకున్నాను. వద్దని ఇంటికి వచ్చేశాను.

అక్కడి వరకు నేను చేసింది సరైన పనే. ఆ తర్వాత అన్నీ తప్పులు చేశాను.

మా ఇంట్లో చేనుకి నీళ్లు తోడే డీజిల్ ఇంజను ఉండేది. దాని ఎయిర్ క్లీనర్ అడుగున గిన్నెలో ఆయిల్ ఉంటుంది, పైన ఇనప తీగల జాలీ. గాలి ఆయిల్ మీదుగా వెళ్లి దుమ్ము అక్కడ వదిలేస్తుంది. నాన్నగారు ఆ జాలీని కిరసనాయిలుతో కడిగి, గిన్నెలో కొత్త ఆయిల్ పోసేవారు. చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసేదాన్ని. అందుకని కారు ఫిల్టర్ కూడా కడిగేదే అనుకున్నాను. మూత తెరిచి, కాగితం ఫిల్టర్‌ని సబ్బు నీళ్లలో కడిగి హీటర్ దగ్గర ఆరబెట్టాను. మడతలు జారిపోయాయి, అంచు వంకర తిరిగింది. దాన్నే మళ్లీ పెట్టాను. కాగితం ఫిల్టర్ కడగకూడదు తమ్ముడూ, మార్చాలి. బయట పార్ట్స్ షాపులో 15 నుంచి 25 డాలర్లలో దొరుకుతుంది.

పెట్టేటప్పుడు ఇంకో తప్పు చేశాను. డాలర్ షాపులో కొన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో స్క్రూలు బలంగా బిగించాను. నెల తర్వాత తీయబోతే ఒక్కటీ రాలేదు, రెండింటి తలలు అరిగిపోయాయి. పక్క అపార్ట్‌మెంట్ అబ్బాయి దగ్గర డ్రిల్లు తెచ్చి మీద పెట్టి నొక్కాను. బిట్ జారి మూత పగిలింది. పగిలినచోట టేపు అంటించాను. రెండు రోజులకి చెక్ ఇంజన్ లైటు వచ్చింది. షాపులో చేరాక బిల్లు 412 డాలర్లు. ఆ నెల అద్దె కార్డు మీద కట్టాను. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డు వడ్డీ కూడా దాదాపు అక్కడే ఉంటుంది. ఊళ్లో నాన్నగారు ఒక వడ్డీ, ఇక్కడ నేను ఒక వడ్డీ కట్టాం. ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డానో ఇప్పటికీ గుర్తుంది. నీకు ఇంత పొడుగు జవాబు రాయడం అందుకే.

లైటు ఎందుకు వచ్చిందో తర్వాత నేర్చుకున్నాను. ఫిల్టర్ దాటాక ఎంత గాలి వెళుతోందో కొలిచే సెన్సార్ ఒకటి ఉంటుంది. ఇంజన్‌కి ఎంత పెట్రోలు ఇవ్వాలో కంప్యూటర్ ఆ లెక్క చూసే నిర్ణయిస్తుంది. ఆ సెన్సార్ తర్వాత ఎక్కడైనా సందు ఉంటే కొలవని గాలి లోపలికి పోతుంది, పెట్రోలు చాలదు. చెక్ ఇంజన్ లైటు వచ్చినప్పుడు కారు కంప్యూటర్ తప్పు ఏమిటో ఒక కోడ్‌గా దాచుకుంటుంది. గాలికి తగ్గ పెట్రోలు చాలడం లేదని చెప్పే పీ0171 అనే కోడ్ చాలాసార్లు ఇలాంటి సందు వల్లే వస్తుంది. ఆటోజోన్, ఓరైలీ లాంటి పార్ట్స్ షాపుల్లో కోడ్ ఉచితంగా చదివిపెడతారు, కొన్ని పరికరాలు డిపాజిట్ తీసుకుని అరువిస్తారు, తిరిగి ఇచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. ఇది నాకు మూడేళ్ల తర్వాత గాని తెలియలేదు. నువ్వు ఈ వారమే వాడుకో.

ఇప్పుడు నీ స్క్రూల సంగతి. సంక్రాంతికి వచ్చి పాలకొల్లులోనే ఉన్నాను. కాలువ గట్టు మీద ఇంజన్లు బాగుచేసే పెద్దాయన షెడ్డుకి వెళ్లి నువ్వు పంపిన స్క్రూల ఫొటో చూపించాను. ఆయన మొదట అడిగింది ఒకటే: “తల అరిగిందా, మర పోయిందా?” ఈ తేడా నువ్వు తెలుసుకోవాలి. స్క్రూ కదలకుండా స్క్రూడ్రైవర్ జారిపోతుంటే తల అరిగినట్టు. స్క్రూ తిరుగుతూనే ఉండి పైకి రాకపోతే లోపల మర పోయినట్టు. నీది తల అరగడం. అది తేలిక.

జపాన్ కార్ల స్క్రూలకి ఇంకో కిటుకు ఉంది. మనం స్టార్ అని పిలిచే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ బలం ఎక్కువైతే గాడిలోంచి పైకి లేచిపోతుంది. జపాన్ స్క్రూల గాడి కొంచెం వేరు. వాటి తల మీద చాలాసార్లు చిన్న చుక్క ఉంటుంది. వాటికి జేఐఎస్ (జపాన్ పరిశ్రమల ప్రమాణం) అని అమ్మే స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చుంటుంది. ఒక్కటి కొనుక్కో, చాలు. నలభై పనిముట్ల పెట్టె కొనకు, అందులో ముప్పై నువ్వు ఎప్పటికీ తీయవు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టు. గొట్టం తీసిన నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కు, ఇనప రజను ఇంజన్‌లోకి పోకూడదు. గాడిలో చెత్త పిన్నుతో తీసెయ్. ఆ షెడ్డులో ఆయన నాకు చేసి చూపించింది ఇదీ: వాల్వు గ్రైండింగ్ పేస్టు (ఇంజన్ వాల్వులు అరగదీసే గరుకు పేస్టు) పెసరగింజంత స్క్రూడ్రైవర్ మొనకి రాసి, గాడిలో పెట్టి, పిడి మీద సుత్తితో రెండు దెబ్బలు మెల్లగా వేసి, ఒళ్లంతా బలం పెట్టి కిందికి నొక్కుతూ తిప్పారు. ముందు వెంట్రుకంత బిగించే వైపు, ఆ తర్వాత విప్పే వైపు. పట్టు వదిలిన చప్పుడు నేను విన్నాను. పేస్టు లేకపోతే వెడల్పు రబ్బరు బ్యాండు ముక్క గాడి మీద పెట్టి నొక్కి తిప్పు. నీ పెట్టె ప్లాస్టిక్ కాబట్టి సుత్తి దెబ్బలు మెల్లగానే వెయ్యి, వేడి పెట్టకు, తుప్పు వదిలించే ఆయిల్ కుమ్మరించకు.

అదీ కాకపోతే స్క్రూ తల అంచుని లాకింగ్ ప్లయర్‌తో (ఒకసారి బిగిస్తే పట్టు వదలని పట్టకారుతో) బిగించి పట్టి తిప్పు. తల పైకి తేలి ఉంటే ఈ దారి దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది. పట్టడానికి చోటు లేకపోతే హ్యాక్సా బ్లేడుతో తల మీద అడ్డంగా గీత కోసి బల్లపరుపు స్క్రూడ్రైవర్ పెట్టు. డ్రిల్లు చివరికి. అప్పుడు కూడా ఎడమవైపు తిరిగే బిట్ వాడు, తొలుస్తుండగానే చాలాసార్లు స్క్రూ ఊడి వచ్చేస్తుంది. మామూలు బిట్‌తో నేను చేసింది చెయ్యకు.

కారు ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చిందేమో చూసుకో. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అంతర్వేది తీరాన ఉప్పు గాలి ఇనప గేట్లని ఎలా తినేస్తుందో ఈ ఉప్పు ఆ కార్ల అడుగులనీ అలాగే తినేస్తుంది. నువ్వు కారు కొన్నప్పుడు కింద చూశావో లేదో.

రెండు స్క్రూలూ వచ్చాక, బాగున్న స్క్రూ ఒకటి జేబులో వేసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి అదే పొడవు, అదే మర ఉన్నవి తెచ్చుకో. ఆరు మూలల తల ఉన్నవి దొరికితే ఇంకా మంచిది, పానాతో తిప్పుకోవచ్చు. ఒకటి డాలరు కూడా ఉండదు. బిగించేటప్పుడు మొదట విప్పే వైపు కాస్త తిప్పు. పాత మరలో పడినప్పుడు చిన్నగా దిగినట్టు చేతికి తెలుస్తుంది, అక్కడి నుంచి బిగించే వైపు తిప్పు. నాలుగూ చేత్తో పట్టించాకే స్క్రూడ్రైవర్ తీయి. బిగుసుకున్నట్టు అనిపించగానే ఆపెయ్. సెన్సార్ ప్లగ్గు టక్కుమనే వరకు నొక్కు. విప్పేటప్పుడు వైర్లు పట్టి లాగితే లాగావేమో, ఇంకెప్పుడూ లాగకు. కుక్కిన గుడ్డ తీయడం మర్చిపోకు. గొట్టం రెండు చివర్లా క్లాంపు బిగించి, చిన్న గొట్టాలేవైనా ఊడి ఉన్నాయేమో చూసి ఇంజన్ స్టార్ట్ చెయ్యి. ఎక్కడా బుస్సుమనే చప్పుడు రాకూడదు.

రూల్స్ రెండు మాటల్లో. పార్కింగ్‌లో కారు బాగుచేసుకోవడాన్ని కొన్ని అపార్ట్‌మెంట్లు ఒప్పుకోవు, మీ అగ్రిమెంటు చదువుకో. పని వచ్చింది కదా అని స్నేహితుల కార్లు బాగుచేసి డబ్బు తీసుకోకు. స్టూడెంట్ వీసా మీద అది ప్రమాదం, మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు వాళ్లని అడుగు. బ్రేకులు, పెట్రోలు పైపులు, ఎయిర్ బ్యాగు నీ చేత్తో ముట్టుకోకు, అక్కడ డబ్బు చూడకూడదు.

నేను ఆ 412 డాలర్ల బిల్లు తర్వాత ఒక కవరు పెట్టుకున్నాను. నెలకి 25 డాలర్లు, కారు కోసమే, ఇంకెందుకూ ముట్టలేదు. రెండేళ్లలో తోట కాగితాలు విడిపించి నాన్నగారికి ఇచ్చాను. నీకు మిగిలే 250 డాలర్ల పైచిలుకులో సగం అలాంటి కవరులో వెయ్యి, సగం ఇంటికి పంపు. రెండో స్క్రూ మొండికేస్తే తల మీద వెలుతురు పడేలా దగ్గరగా ఫొటో తీసి పంపించు. నేను ఈ నెలాఖరు వరకు ఊళ్లోనే ఉంటాను, షెడ్డుకి తీసుకెళ్లి చూపిస్తాను.