బోర్డు మెత్తబడిందా? రిపేరుకు తొందరపడకండి

ప్రశ్న: కొన్న పది నెలలకే నా విండ్‌సర్ఫింగ్ బోర్డు (తెరచాపతో నీటిపై నడిపే బోర్డు) డెక్, అంటే మనం నిలబడే పైభాగం, మడమలు ఆనేచోట మెత్తబడింది. ఆరు నెలల వారంటీ అయిపోయిందని, ఎండలో పెట్టడం వల్లే పాడైందని అమ్మినవాళ్లు అంటున్నారు. తయారీ కంపెనీ విదేశంలో ఉంది. రిపేరు చేయించుకుని ఆ ఖర్చుకు కేసు వేయవచ్చా?

జవాబు: ముందు రిపేరు ఆపండి. డెక్ కోసి రెజిన్ (గట్టిపడే జిగురు) పోశారంటే లోపం తయారీదా, వాడకానిదా తేల్చే సాక్ష్యం పోయినట్టే. కేసంతా నిలబడేది దాని మీదే.

లోపలి ఫోమ్‌కు పైపొర సరిగా అంటుకోకపోతే అది తయారీ లోపం. బరువు తగ్గించాలని మడమల కింద పొర పలచగా వేస్తే డిజైన్ లోపం. వెంట్ స్క్రూ (లోపలి గాలి పోయే రంధ్రానికి ఉండే మర) బిగించి ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి పొరను ఎత్తేస్తుంది. అప్పుడు తప్పు మీదవుతుంది. మీ బోర్డుకు తనంతట తానే గాలి వదిలే గోర్‌టెక్స్ వెంట్ ఉంటే మాత్రం వాళ్ల ఎండ వాదన బలహీనపడుతుంది. రెండు మడమల చోటా ఒకేలా మెత్తబడి మిగతా డెక్ గట్టిగా ఉండటం కూడా మీకు అనుకూలమే. నాణెంతో తట్టి, బోలుగా మోగినంత మేర పెన్సిల్‌తో గీత గీయండి. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. బోర్డును తూచి బరువు రాసిపెట్టండి. బిల్లు, సీరియల్ నంబరు, వాట్సాప్ సంభాషణ దాచండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 'ప్రొడక్ట్ లయబిలిటీ' (వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) అధ్యాయం చూసి చాలామంది పొరబడతారు. ఆ వస్తువుకే కలిగిన నష్టం దాని కిందికి రాదు. మాస్ట్ ట్రాక్ (తెరచాప స్తంభాన్ని బోర్డుకు బిగించే గాడి) ఊడి మీకు గాయమై ఉంటే అది పనికొచ్చేది. మీ ఫిర్యాదు సెక్షన్ 2(10) ప్రకారం వస్తువులో లోపం గురించి. మార్చి ఇమ్మనో, డబ్బు వాపసు ఇమ్మనో సెక్షన్ 39 కింద అడగాలి. అమ్మినవాళ్లను, దిగుమతిదారును ప్రతివాదులుగా చేర్చండి. విదేశీ కంపెనీ కోసం ఆగనక్కర్లేదు.

వారంటీ ముగియడం, కేసు వేసే గడువు ముగియడం వేర్వేరు. సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం తలెత్తిన నాటినుంచి రెండేళ్ల సమయం ఉంది. ముందు లీగల్ నోటీసు పంపి, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. పరీక్ష లేకుండా లోపం తేలదంటే సెక్షన్ 38(2) కింద ల్యాబ్‌కు పంపమని కోరండి; ఫీజు మీరే కట్టాలి.

బోర్డును అద్దెకిస్తున్నా, దానితో శిక్షణ ఇస్తున్నా ముందే చెప్పండి. స్వయం ఉపాధితో జీవనోపాధికి కాకుండా వ్యాపారానికి కొన్నారని తేలితే మీరు వినియోగదారే కారని వాళ్లు వాదిస్తారు.