టెక్ సందేహాలు: ఎలక్ట్రిక్ కారు మెల్లగా వెళ్తుంటే ఆ రొద ఏమిటి?

ఎలక్ట్రిక్ కార్లలో పాదచారుల కోసం పెట్టే హెచ్చరిక స్పీకర్ గురించి చాలా ప్రశ్నలు వచ్చాయి. ఈసారి జవాబులన్నీ దాని మీదే.

ప్రశ్న: కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్నాం. మెల్లగా వెళ్తున్నప్పుడు ముందువైపు నుంచి 'ఊఁ' అని ఒకటే రొద. కాస్త వేగం అందుకోగానే ఆగిపోతుంది. మోటారులో ఏదైనా లోపమా? లోపం కాకపోతే దీన్ని పూర్తిగా ఆపేయొచ్చా? ఫ్యూజు పీకేస్తే సరిపోతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు.

లోపం లేదు, టెన్షన్ పడకండి. అది మోటారు చప్పుడు కాదు. ముందు బంపర్ వెనకాల చిన్న స్పీకర్ ఒకటి ఉంటుంది. దాన్ని పెట్టింది మీకోసం కాదు, కారు బయట నడిచేవాళ్ల కోసం. ఈ ఏర్పాటును ఏవీఏఎస్ (అకూస్టిక్ వెహికిల్ అలర్టింగ్ సిస్టమ్) అంటారు. మీ కారు మాన్యువల్‌లో కూడా ఈ పేరుతోనో, 'పాదచారుల హెచ్చరిక' అనో ఉంటుంది.

వేగం పెరిగితే ఎందుకు ఆగిపోతుందంటే, అప్పుడు దాని అవసరం ఉండదు. టైర్లు రోడ్డుకు రాసుకునే చప్పుడు వేగంతో పాటు పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక పెట్రోలు కారైనా ఎలక్ట్రిక్ కారైనా మనకు ఎక్కువగా వినపడేది టైర్లే. ఇంజిన్ లేని లోటు తెలిసేది మెల్లగా పోతున్నప్పుడే. అందుకే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 138 ప్రకారం కారు కదిలిన దగ్గర్నుంచి గంటకు 20 కి.మీ. వరకు, రివర్స్‌లోనూ ఈ శబ్దం రావాలి. అమెరికా నిబంధన దాన్ని 30 కి.మీ. వరకు తీసుకెళ్లింది. ఐక్యరాజ్యసమితి లెక్కలో 10 కి.మీ. వేగం దగ్గర కనీసం 50 డెసిబెల్స్, 20 దగ్గర 56 డెసిబెల్స్ ఉండాలి. కారు మధ్య గీత నుంచి 2 మీటర్ల దూరంలో కొలుస్తారు. ముందుకు వెళ్తున్నప్పుడు 75 దాటకూడదన్న పరిమితి కూడా ఉంది. మీకు రొదగా అనిపిస్తున్నది ఈ హద్దుల మధ్య ఉన్న శబ్దమే.

ఇక ఫ్యూజు సంగతి. దయచేసి ఆ పని చేయకండి. తొలిరోజుల్లో కొన్ని కార్లలో దీన్ని ఆపుకోవడానికి స్విచ్ ఉండేది. తర్వాత నిబంధనలు మార్చి ఆ స్విచ్‌ను తీసేయించారు. ఎందుకో చెప్పడానికి ఒక బ్రిటన్ అధ్యయనం చాలు. 2013 నుంచి 2017 వరకు జరిగిన ప్రమాదాలను లండన్ పరిశోధకులు పరిశీలించి 2024లో ఫలితాలు ప్రచురించారు. ప్రతి 10 కోట్ల మైళ్ల ప్రయాణానికి పెట్రోలు, డీజిల్ కార్లు గుద్దిన పాదచారులు 2.40 మంది ఉంటే, ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లు గుద్దినవారు 5.16 మంది. తేడా ముఖ్యంగా పట్టణ రోడ్లమీదే కనిపించింది. శబ్దం లేకపోవడం ఒక్కటే కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు, నేనూ అనను. అయితే అవి ఈ స్పీకర్లు తప్పనిసరి కాకముందు సంవత్సరాలన్న సంగతి గుర్తుంచుకోవాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీరు కారు రివర్స్ చేస్తుంటే స్తంభం చాటు నుంచి బంతి కోసం పరిగెత్తుకొచ్చే పిల్లాడికి మీ కారు వస్తోందని చెప్పేది ఆ స్పీకరే.

లోపల కూర్చున్నవాళ్లకు మరీ ఎక్కువగా వినపడుతుంటే మాత్రం చూపించుకోవాల్సిందే. స్పీకర్ బిగించిన బ్రాకెట్ వదులైతే బంపర్ ప్లాస్టిక్ కూడా దాంతో పాటు అదురుతుంది. సర్వీస్ సెంటర్‌లో 'శబ్దం తీసేయండి' అనకుండా 'బ్రాకెట్ బిగింపు చూడండి' అని అడగండి.

ప్రశ్న: నాకు చూపు లేదు. తెల్లకర్ర పట్టుకుని ఒంటరిగానే తిరుగుతాను. ఎలక్ట్రిక్ కారు కదులుతుంటే ఈమధ్య పోల్చుకోగలుగుతున్నాను. ఆగి ఉంటే మాత్రం అసలు తెలియడం లేదు. మాలాంటివాళ్ల కోసమే ఈ శబ్దం పెట్టారంటారు కదా, ఆగినప్పుడు ఎందుకు మోగదు?

మీరు అడిగింది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. సూటిగా చెప్పాలంటే, ప్రపంచంలో చాలాచోట్ల చట్టం అడగలేదు కాబట్టి కంపెనీలు పెట్టలేదు. ఐక్యరాజ్యసమితి నిబంధన ఆగి ఉన్న కారుకు శబ్దాన్ని తప్పనిసరి చేయలేదు. కంపెనీ ఇష్టానికి వదిలేసింది. అమెరికాలో అలా కాదు. అక్కడ గేరు పార్క్‌లో ఉంటే తప్ప, కారు కదలకుండా నిలబడి ఉన్నా శబ్దం రావాలి. దాని వెనక చూపులేనివారి జాతీయ సమాఖ్య చేసిన సుదీర్ఘ పోరాటం ఉంది. 2011 జనవరిలో చట్టం వచ్చింది, 2016లో నిబంధన ఖరారైంది, పూర్తిగా అమలయ్యేసరికి 2021 మార్చి అయింది. యూరప్‌లో కొత్త మోడళ్లకు 2019 జులై నుంచి, కొత్తగా అమ్మే అన్ని ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లకు 2021 జులై నుంచి తప్పనిసరి చేశారు. అంతకుముందు అమ్ముడైన కార్లలో చాలావాటికి ఈ స్పీకరే లేదు. అవి ఇంకా రోడ్ల మీద తిరుగుతున్నాయి.

ఆగిన కారు వల్ల ప్రమాదమేముంది అని చూపున్నవాళ్లు అనుకోవచ్చు. రోడ్డు దాటడానికి మీరు ఏం చేస్తారో వాళ్లకు తెలియదు. మీరు నడిచే దిశలోనే పక్కన ఆగి ఉన్న బండ్ల ఇంజిన్ల చప్పుడు వింటారు. అవన్నీ ఒక్కసారిగా కదిలాయంటే ఆ వైపు గ్రీన్ సిగ్నల్ పడిందని, మీరు దాటే రోడ్డు మీద బండ్లు ఆగాయని అర్థం చేసుకుంటారు. అక్కడ నిలబడ్డ మొదటి బండి చప్పుడు చేయని ఎలక్ట్రిక్ కారైతే, అది ఉందని తెలియదు. నేరుగా పోకుండా మీ వైపు మలుపు తిరగబోతోందనీ తెలియదు. ఆగి ఉన్నప్పుడు కూడా శబ్దం తప్పనిసరి చేయాలన్నదే నా గట్టి అభిప్రాయం. కాలనీల్లో రొద పెరుగుతుందని కొందరి వాదన. సిగ్నల్ దగ్గర పక్కనున్న మనిషికి వినపడే చిన్న స్థాయి సరిపోతుంది. గేరు పార్క్‌లో పడగానే అదీ ఆగిపోతుంది.

కదిలే కారు విషయంలో మీకు పనికొచ్చేది ఒకటి చెబుతాను. వేగం మారితే శ్రుతి కూడా మారాలని నిబంధనలోనే ఉంది. 5 నుంచి 20 కి.మీ. మధ్య గంటకు ఒక్కో కిలోమీటరు పెరిగినకొద్దీ శ్రుతి కనీసం 0.8 శాతం పైకి పోవాలి. అంటే మొత్తం మీద దాదాపు సరిగమల్లో షడ్జమం (స) నుంచి చతుశ్రుతి రిషభానికి (రి) ఎక్కినంత తేడా. చెవికి స్పష్టంగా తెలుస్తుంది. శ్రుతి పైకి పోతుంటే కారు వేగం అందుకుంటోంది, కిందికి దిగుతుంటే బ్రేకు పడుతోంది. శబ్దంలో కనీసం రెండు వేర్వేరు పౌనఃపున్య పట్టీలు, అంటే రెండు వేర్వేరు శ్రుతి స్థాయుల శబ్దాలు ఉండాలి, అందులో ఒకటైనా 1600 హెర్ట్జ్ లోపలిది కావాలి అన్న షరతు కూడా పెట్టారు. వయసు మీదపడ్డవారికి ముందుగా తగ్గేది కీచు శబ్దాలు వినే శక్తి. వాళ్లకు కింది స్థాయి శబ్దమైనా అందాలి. పైగా ఒకే స్వరం మోగితే అది ఏ దిక్కు నుంచి వస్తోందో పోల్చుకోవడం ఎవరికైనా కష్టం. పలు స్థాయులు కలిసిన శబ్దమైతే రెండు చెవులూ కలిసి దిక్కును త్వరగా పట్టేస్తాయి.

ప్రశ్న: ఆ రొద బదులు నచ్చిన పాటో, మ్యూజిక్కో పెట్టుకోవచ్చా?

కుదరదు. టెస్లా 2020 చివర్లో ఇలాంటి సౌకర్యమే ఇచ్చింది. బూమ్‌బాక్స్ అని పేరు. బయటి స్పీకర్‌లో ఇష్టమైన శబ్దాలు మోగించుకోవచ్చు. అది హెచ్చరిక శబ్దాన్ని కప్పేస్తోందని 2022 ఫిబ్రవరిలో అమెరికాలో సుమారు 5.78 లక్షల కార్లకు రీకాల్ ప్రకటించాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపి, బండి నడుస్తున్నప్పుడు బూమ్‌బాక్స్ పనిచేయకుండా చేశారు. డ్రైవర్లకు నచ్చిన శబ్దం ఎంచుకునే వీలివ్వాలన్న ప్రతిపాదన అక్కడ 2019లో వచ్చింది. 2022లో దాన్నీ పక్కన పెట్టేశారు. పాట వినపడితే ఎక్కడో ఎవరో పాట పెట్టారనుకుంటామే తప్ప కారు వస్తోందని తప్పుకోం. అందంగా ఉండాలంటే అది కంపెనీ స్థాయిలో జరగాల్సిన పని. రెనో కంపెనీ తన కార్ల బయటి శబ్దం కోసం సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ సాయం తీసుకుంది.

ప్రశ్న: మట్టిరోడ్డు మీద తిరిగొచ్చాక ప్రెషర్ వాష్ చేయించాను. అప్పట్నుంచి ఈ శబ్దం బొంగురుగా వస్తోంది. స్పీకర్ పాడైనట్టేనా?

అప్పుడే ఆ మాట అనలేం. స్పీకర్ ముందున్న రంధ్రాల్లో బురద పేరుకున్నా, నీళ్లు నిలిచినా ఇలాగే వస్తుంది. ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. మెత్తటి బ్రష్‌తో, కొద్దిపాటి నీళ్లతో శుభ్రం చేయండి. పిన్నీసు, పుల్ల లాంటివి లోపలికి గుచ్చకండి, పల్చటి పొర చిరిగిపోతుంది. ఇకమీదట ప్రెషర్ పైపును అక్కడ దగ్గరగా పెట్టొద్దని వాష్ చేసేవాళ్లకు చెప్పండి.

తర్వాత ఖాళీ స్థలంలో ఒకరిని పక్కకు రెండు మీటర్ల దూరంలో ఫోన్‌తో నిలబెట్టి, 10 కి.మీ. వేగంతో వాళ్లను దాటుకుంటూ వెళ్లండి. రికార్డింగ్‌లో గరగర వినపడినా, శబ్దం మరీ సన్నగా ఉన్నా సర్వీస్‌కు ఇవ్వండి. వైరు ఊడితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక చూపే కార్లున్నాయి. రంధ్రం మూసుకుపోయిన సంగతి వాటికి సాధారణంగా తెలియదు. బంపర్ మార్పించినవాళ్లు కూడా బండి తెచ్చుకునే ముందే ఈ పరీక్ష చేసుకోవాలి. స్పీకర్ కనెక్టర్ తిరిగి పెట్టడం మర్చిపోయే అవకాశం ఉంది.

ప్రశ్న: నాయిస్ క్యాన్సెలేషన్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తాను. కారు హారన్ వినపడుతూనే ఉంటుంది. ఈ శబ్దం కూడా వినపడుతుందా?

నమ్మకం పెట్టుకోకండి. ఆ టెక్నాలజీ బాగా తుడిచేసేది ఒకే తీరుగా సాగే, కింది స్థాయి శబ్దాలను. హారన్ ఒక్కసారిగా గట్టిగా మోగుతుంది కాబట్టి దూసుకొస్తుంది. మెల్లగా వచ్చే ఎలక్ట్రిక్ కారు రొద చాలావరకు నాయిస్ క్యాన్సెలేషన్ తీసేసే కోవలోనే ఉంటుంది. రోడ్డు పక్కన, పార్కింగ్ స్థలాల్లో నడిచేటప్పుడు బయటి శబ్దాలను లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ పెట్టుకోండి. మీ ఇయర్‌ఫోన్లలో అది లేకపోతే రెండూ తీసి జేబులో వేసుకోండి. ఒక్క చెవిలోది తీస్తే చాలదు. దిక్కు తెలియాలంటే రెండు చెవులూ ఖాళీగా ఉండాలి.