షోరూమ్‌కు వెళ్ళగానే ఆరిపోయే ఇంజిన్ లైటు: కొత్త కారు అడగవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఏడు నెలల కిందట హైదరాబాద్‌లోని ఒక షోరూమ్‌లో రూ.11.60 లక్షలు పెట్టి పెట్రోల్ కారు కొన్నాను. ఇప్పటికి 8,200 కి.మీ. తిరిగింది. రెండో నెల నుంచి ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలుగుతోంది. రెండు మూడు రోజులుండి దానంతటదే పోతుంది. నాలుగుసార్లు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళాను. మూడుసార్లు 'ప్రాబ్లమ్ ఏం లేదు సార్' అన్నారు. ఒకసారి పెట్రోల్ బాగోలేదన్నారు. డాలస్‌లో ఉన్న మా బావమరిది, అక్కడైతే ఇలాంటి కారు వెనక్కి తీసుకుంటారు, కేసు వెయ్యి అంటున్నాడు. కొత్త కారు ఇప్పించమని కేసు వేయవచ్చా? తేలేదాకా ఈఎంఐ ఆపేయవచ్చా? బయటి మెకానిక్‌కు చూపించవచ్చా?

జవాబు: ముందు ఈఎంఐ సంగతి. ఆపకండి. బ్యాంకు మీకు అప్పిచ్చింది, కారు అమ్మలేదు. కారులో లోపం ఉందని కిస్తీ ఎగ్గొడితే సిబిల్ స్కోరు పడిపోతుంది, రికవరీ వాళ్ళు ఇంటికొస్తారు, అసలు గొడవ పక్కకు పోతుంది.

మీ బావమరిది చెప్పింది అక్కడికి నిజమే. డాలస్ ఉన్న టెక్సస్‌తో సహా అమెరికా రాష్ట్రాల్లో 'లెమన్ లా' అని ఉంది. ఇన్నిసార్లు రిపేరుకిచ్చినా బాగుకాకపోతే కారు మార్చాలి లేదా డబ్బివ్వాలి అని లెక్క కట్టి చెప్పే చట్టం అది. మనకు అలాంటి లెక్క లేదు. మనకున్నది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. నాలుగుసార్లు తిప్పారన్నంత మాత్రాన గెలవరు. వస్తువులో లోపం ఉందని మీరే చూపించాలి. డాక్టరు గుమ్మం ఎక్కగానే పంటినొప్పి తగ్గినట్టు, సర్వీస్ సెంటర్ గేటు దాటగానే ఆరిపోయే లైటును ఎలా చూపిస్తారు? మీ కేసంతా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది.

లైటు ఆరిపోతుంది గానీ కారు మర్చిపోదు. లోపం తగిలినప్పుడు ఇంజిన్ కంప్యూటర్ ఒక కోడ్ రాసుకుంటుంది. ఉదాహరణకు పీ0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోల్ సరిగా మండలేదని. కోడ్‌తో పాటు ఆ క్షణంలో స్పీడెంత, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్నవి కూడా పట్టి ఉంచుతుంది. దాన్ని 'ఫ్రీజ్ ఫ్రేమ్' అంటారు. సాధారణంగా వరుసగా మూడు ట్రిప్పుల్లో ఆ లోపం మళ్ళీ కనబడకపోతే లైటు ఆరిపోతుంది. కోడ్ మాత్రం ఇంజిన్ మరో 40 సార్లు వేడెక్కి చల్లారేదాకా మెమరీలో ఉంటుంది. కాబట్టి లైటు పోయిన వారం తర్వాత వెళ్ళినా సాక్ష్యం కారులోనే ఉండాలి.

అది పోయేది సర్వీస్ బేలో. టెక్నీషియన్ స్కానర్ పెడతాడు, కోడ్ చూస్తాడు, 'క్లియర్' నొక్కుతాడు. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ రెండూ పోతాయి. మీకు కారు కడిగి ఇస్తారు. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసినా చాలా కార్లలో ఇదే జరుగుతుంది. అందుకే ఈసారి లైటు వెలిగితే మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే: క్లియర్ చేసే ముందు స్కాన్ రిపోర్టు, ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా, ప్రింట్ కావాలి. ప్రింట్ ఇవ్వం అంటే స్క్రీన్ ఫొటో తీసుకోండి. అదీ కుదరదంటే అక్కడే నిలబడి సర్వీస్ సెంటర్‌కు, కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి. వాళ్ళు ఇవ్వలేదన్నది కూడా రికార్డుకెక్కాలి.

జాబ్ కార్డు, అంటే బండి సర్వీసుకిచ్చేటప్పుడు మీ ఫిర్యాదు రాసి సంతకం పెట్టించుకునే కాగితం, దాని దగ్గర ఇంకా జాగ్రత్త. నా దగ్గరికి ఒకాయన ఇలాంటి కేసుతోనే ఐదు జాబ్ కార్డులు పట్టుకొచ్చారు. ఐదింటిలోనూ కస్టమర్ కంప్లయింట్ గడిలో రాసింది 'జనరల్ చెకప్'. కింద ఆయన సంతకం. లైటు గురించి ఒక్క ముక్క లేదు. వినియోగదారుల కమిషన్ ముందు ఆ కాగితాలు ఆయనకు కాదు, డీలర్‌కు పనికొచ్చాయి. మీ నాలుగు జాబ్ కార్డులూ ఈ రాత్రే తీసి చూసుకోండి. ఇక మీదట సర్వీస్ అడ్వైజర్ టైప్ చేస్తుంటే పక్కనే ఉండి ఇలా రాయించండి: 'ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసిన పది నిమిషాలకు ఇంజిన్ లైటు వెలిగింది, కి.మీ. రీడింగ్ 8,214, పికప్ తగ్గింది, ఇదే ఫిర్యాదుతో ఐదోసారి.' ఏ పార్టు మార్చారో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామంటే ఏ వెర్షనో రాయించాలి. వారంటీలో ఉచితమైనా బిల్లు అడిగి తీసుకోండి.

లైటు వెలిగినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. మీటర్ బోర్డు, ఓడోమీటర్ రీడింగ్ ఒకే షాట్‌లో రావాలి. కేసు వేసేటప్పుడు దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేస్తే అవతలివాళ్ళు వీడియో మీద పేచీ పెట్టే వీలు తగ్గుతుంది.

పెట్రోల్ బాగోలేదన్న మాట ప్రతి సర్వీస్ సెంటర్‌లోనూ అరిగిపోయిన రికార్డే. ఒక్కోసారి నిజమూ కావచ్చు. ఏ కోడ్ చూసి అలా అన్నారు, శాంపిల్ తీశారా అని మెయిల్‌లో అడగండి. బంకు బిల్లులు దాచుకోండి. రెండు మూడు వేర్వేరు బంకుల్లో పోయించినా లైటు వస్తుంటే ఆ సాకు నిలవదు.

ఇక కొత్త కారు. నిజం చెప్పాలంటే, ఈ దశలో అది దొరకడం కష్టం. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ చెప్పేది లోపమున్న పార్టు మార్చడం గురించే, మొత్తం కారు గురించి కాదు అంది. అలాగని దారి మూసుకుపోలేదు. 2010లో ఫియట్ కేసులో అదే కోర్టు, స్వతంత్ర నిపుణుడు తయారీలోనే లోపం ఉందని తేలిస్తే కారు ధర వడ్డీతో సహా వాపసివ్వాలని చెప్పింది. చూశారుగా, రెండో కేసులో తూకం నిపుణుడి చేతిలో ఉంది. అందుకే మీ ఫిర్యాదులో 'కొత్త కారు' అని ఒక్కటే అడగొద్దు. లోపం పూర్తిగా సరిచేయాలి, కుదరకపోతే కారు మార్చాలి లేదా ధర వాపసివ్వాలి, తిరిగిన ఖర్చులకూ మనోవేదనకూ పరిహారం ఇవ్వాలి అని వరుసగా అడగండి. వినియోగదారుల చట్టం సెక్షన్ 39 కింద ఇవన్నీ ఇచ్చే అధికారం కమిషన్‌కు ఉంది.

కేసుకు ముందు డీలర్‌కు, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పదిహేను రోజుల నోటీసు పంపండి. కేసులో ఇద్దరినీ పార్టీలుగా చేర్చాలి. డీలర్ ఒక్కరి మీదే వేస్తే 'నేను అమ్మానే గానీ తయారు చేయలేదు' అంటారు. కంపెనీ ఒక్కదాని మీదే వేస్తే సర్వీసులో జరిగిన తప్పు మాది కాదంటుంది. కారు కొన్నది హైదరాబాద్‌లో అయినా మీరు ఉండేది ఖమ్మం కాబట్టి ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, సెక్షన్ 34 ఆ వీలు ఇచ్చింది. రూ.50 లక్షల లోపు కొన్న వస్తువులన్నీ జిల్లా కమిషన్ పరిధిలోవే. మీ కారు ధరకు ఫీజు రూ.400. గడువు రెండేళ్ళు. దాన్ని లైటు మొదటిసారి వెలిగిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటే మీకు ఇబ్బంది ఉండదు.

కేసు వేశాక మొదటి వాయిదాల్లోనే సెక్షన్ 38(2) కింద కారును పరీక్షకు పంపమని పిటిషన్ పెట్టండి. చాలామంది ఇది మరిచిపోయి, చివరికి నిపుణుడి రిపోర్టు లేదన్న కారణంతో ఓడిపోతారు. దానితో పాటు ఇంకొక పిటిషన్ కూడా: మీ కారుకు ఇప్పటిదాకా చేసిన స్కాన్ల రికార్డు మొత్తం కంపెనీ దాఖలు చేయాలని. కమిషన్‌కు పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారం ఉంది. పరీక్ష రోజున లైటు వెలగకపోవచ్చు. అప్పుడు నిపుణుడు 'లోపం కనబడలేదు' అని రాసేస్తారు. పాత స్కాన్లు చేతిలో ఉంటే అలా తేలిగ్గా రాయలేరు.

అప్పటిదాకా కారు నడపవచ్చా అంటే, లైటు నిలకడగా వెలుగుతూ బండి మామూలుగా పోతుంటే నిదానంగా సర్వీస్ సెంటర్ దాకా వెళ్ళవచ్చు. టపటపా మెరుస్తుంటే మాత్రం పక్కకు ఆపి టోయింగ్‌కు ఫోన్ చేయండి. అది తీవ్రమైన మిస్‌ఫైర్‌కు గుర్తు, అలాగే తోలితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది. పైగా వాడకం వల్లే చెడిందని మీ మీదికే తోస్తారు.

బయటి మెకానిక్ స్కానర్ పెట్టి చదివితే తప్పు లేదు. ఫొటోలు తీయించుకోండి. వైరు కోయనివ్వొద్దు, సెన్సర్ విప్పనివ్వొద్దు, వారంటీ తెగిపోయిందనే సాకు వాళ్ళకు దొరుకుతుంది. 'లైటు తీసేస్తా సార్, రెండు నిమిషాలు' అని అతను క్లియర్ బటన్ మీద వేలు పెడితే చెయ్యి పట్టుకుని ఆపండి.