వెలిసిన మీటరుకి కొత్త డయల్

ప్రశ్న: ఎండకి నా పాత బుల్లెట్ స్పీడోమీటర్ అంకెలు వెలిసిపోయాయి. కొత్త డయల్ నేనే చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: చేసుకోవచ్చండి. నా బండికి నేనే చేసుకున్నాను. ముల్లు తీసేముందు ఒక పని మరవకండి. దాన్ని సున్నా దగ్గరున్న ఆపుపుల్ల మీదుగా మెల్లగా దాటించి, అసలు ఎక్కడ నిలుస్తుందో గుర్తు పెట్టుకోండి. లోపల వెంట్రుకంత స్ప్రింగు ఉంటుంది. ముల్లు మళ్లీ అక్కడే కూర్చోవాలి. మొదటిసారి నేనది చేయలేదు. మద్దిలపాలెం నుంచి హనుమంతవాక దాకా 40లో వెళ్తుంటే మీటరు 55 చూపించింది, ఒకటే టెన్షన్!

పాత డయల్‌ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించి, స్టిక్కర్ మీద ప్రింట్ తీయించండి. రంగు మీ ఇష్టం, అంకెల మధ్య కోణాలు మాత్రం మార్చొద్దు. మెరిసే స్టిక్కర్ వద్దు, ఎండలో కళ్లలో కొడుతుంది. మ్యాట్ వినైల్ (మెరుపు లేని ప్లాస్టిక్ స్టిక్కర్) మంచిది. మన ఉప్పుగాలికి అద్దం చుట్టూ రబ్బరు కూడా కొత్తది వేయండి.