మిద్దె మీద ముచ్చట్లు: కిరాయి కట్టని పిగిలిపిట్ట

ప్రశ్న: వరండాలో వేలాడదీసిన మనీప్లాంట్ కుండీలో ఒక పిట్ట గూడు కట్టి మూడు గుడ్లు పెట్టింది. నెత్తిన నల్ల కుచ్చు, తోక కింద ఎరుపు. నీళ్లు పోద్దామని పోతే ఒకటే అరుపు, పైగా మా అత్తమ్మ అటువైపు ఎవరినీ పోనివ్వడం లేదు. మొక్క ఎండిపోతోంది, ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అది పిగిలిపిట్ట చెల్లీ, బుల్బుల్ అంటే ఇంకా తొందరగా గుర్తుపడతారు. ముందే చెబుతున్నా, నాది మీ అత్తమ్మ పార్టీ. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు గూడు వదలడానికి ఇంకో రెండు వారాల లోపే, అంటే నెల తిరక్కుండా కుండీ మళ్లీ మీ చేతికొస్తుంది. మనీప్లాంట్ అంత తేలిగ్గా చచ్చే రకం కాదు. మనసొప్పకపోతే, తల్లి తిండికి పోయినప్పుడు చిన్న గ్లాసుతో అంచు వెంట, గూడు తడవకుండా పోయండి. ఫోటోల కోసం మాటిమాటికీ స్టూలు ఎక్కకండి, గోడ మీద కాకి చూస్తూనే ఉంటుంది. ఈ నెల రోజులూ పక్క కుండీలకు పురుగుమందు కూడా కొట్టొద్దు, ఎందుకంటే పిల్లలకు తల్లీ తండ్రీ ఏరుకొచ్చి పెట్టేది ఆ పురుగులనే.

రెండేళ్ల కింద మా వరండాలో ట్యూబ్‌లైట్ పట్టీ మీద కట్టింది. స్విచ్ వేయొద్దని ఇంట్లో ఆర్డర్, చీకట్లోనే చెప్పులు తడుముకున్నాం, ఒకరోజు నేను పక్కింటాయన చెప్పులేసుకుని కూరగాయలకు పోయొచ్చాను కూడా. పిల్లలు ఎగిరిపోయాక గూడు దించి చూస్తే చీపురు పుల్లలు, సాలెగూడు, ఒక చాక్లెట్ కాగితం, మధ్యలో నా పాత బనియన్ దారాలు! అది పోయిందని నెల రోజులు ఇంట్లో వెతికించాను.

ప్రశ్న: మా జామచెట్టు కాయలన్నీ రామచిలుకలే సగం కొరికి పడేస్తున్నాయి. ఉపాయం?
- ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: అందినంత వరకు కాయలకు గుడ్డ సంచులు కట్టుకోండి, పైకొమ్మలవి వదిలేయండి. చెట్టంతా వల కప్పితే పిట్టల కాళ్లు చిక్కుకుంటాయి, ఆ పని మాత్రం వద్దు.

ప్రశ్న: నల్లగా మెరిసే చిన్న పిట్ట ఒకటి పొద్దున్నే నా బండి అద్దాన్ని పొడుస్తోంది, అద్దం నిండా రెట్ట. నా బండితోనే దానికి పగెందుకు?
- ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: పగ బండి మీద కాదు తమ్ముడూ, అద్దంలో ఉన్నోడి మీద. అది మగ తేనెపిట్ట, జత కట్టే రోజుల్లో తన మందారం చెట్టు దగ్గరికి ఇంకో మగపిట్ట వస్తే ఊరుకోదు, అద్దంలో ఉన్నది తన బొమ్మేనని దానికి తెలియదు. బండి పెట్టగానే అద్దాలకు పాత సాక్సులు తొడగండి. ఉతికినవే.

ప్రశ్న: దసరా నాడు పాలపిట్ట కనపడలేదు, మా ఆయన ఫోన్లో ఫోటో చూపించి మొక్కమన్నాడు. ఫలితం ఉంటుందా?
- ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: ఫోటోకు మొక్కితే పుణ్యం మీ ఆయన ఫోన్‌కే జమవుతుంది! పంజరంలో పెట్టి తెచ్చి డబ్బులకు చూపించేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడమే నేరం. మన రాష్ట్ర పక్షిని మనమే జైల్లో పెట్టి దండం పెడితే ఏం బాగుంటుంది? వచ్చే దసరాకు జమ్మికి పోయే ముందు, పొద్దున్నే ఊరు దాటి పొలాల పక్క కరెంటు తీగలు చూసుకుంటూ పోండి. మొన్న మేం పోతే తీగ మీద గోధుమరంగు పిట్ట ఒకటి ముడుచుకుని కూర్చుంది, "ఇదా పాలపిట్ట?" అని మా పిల్లాడు మూతి ముడిచాడు. అంతలో మిడత కోసం అది కిందికి దూకింది, రెక్కలు విప్పితే నీలమే నీలం. వాడు బండి దిగి చేలోకి ఉరికాడు, ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది.