హక్కులు చెబితే పిల్లలు ఎదురు తిరుగుతారా?

ప్రశ్న: నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. నాలుగో తరగతి పిల్లలకు బాలల హక్కుల పాఠం చెప్పాను. మర్నాడే ఒక పిల్లాడి తండ్రి వచ్చి, ‘ఆడుకోవడం నా హక్కంటూ మావాడు హోంవర్క్ ఎగ్గొడుతున్నాడు. ముందు బాధ్యతలు నేర్పండి, హక్కుల సంగతి తర్వాత’ అని గొడవ పెట్టుకున్నారు. హెడ్మాస్టర్ కూడా ఆ పాఠం ఆపమంటున్నారు. చట్టం దృష్టిలో నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని హక్కులను పెద్దలకే కాదు, పిల్లలకూ తెలిసేలా చేయాలని అందులోని 42వ ఆర్టికలే చెబుతోంది. అయితే ఈ బాధ్యత ఒడంబడికలో చేరిన ప్రభుత్వాలది. మీ సిలబస్, టైంటేబుల్ మాత్రం విద్యాశాఖ నిబంధనల ప్రకారమే నడుస్తాయి. కాబట్టి హెడ్మాస్టర్‌తో వాదన పెట్టుకోకండి. ఆపమన్న మాట కారణంతో సహా రాసి ఇమ్మనండి. చాలాసార్లు వ్యవహారం అక్కడే సర్దుకుంటుంది.

ఇక ఆ పిల్లాడి వాదన. నాకు ముచ్చటేసింది గానీ, అది సగం చట్టమే చదివొచ్చిన లాయర్ వాదన! ఆటకూ విశ్రాంతికీ 31వ ఆర్టికల్ ఉంటే, చదువుకు 28 ఉంది. పిల్లలకు దారి చూపే హక్కు, బాధ్యత తల్లిదండ్రులవని 5 చెబుతోంది. 12 ప్రకారం పిల్లల మాట వినాలి, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువివ్వాలి. నిర్ణయం వాళ్ల చేతికి వదిలేయమని కాదు. ‘సాయంత్రం ఆటకెంత టైం, హోంవర్క్‌కెంత?’ అని క్లాసులోనే వాళ్లను వాదించుకోనివ్వండి. ఈ తేడా వాళ్లకే తెలుస్తుంది.

‘ముందు బాధ్యతలు’ అనే షరతు ఒడంబడికలో ఎక్కడా లేదు. హోంవర్క్ చేయని పిల్లాడినైనా కొట్టకూడదు. క్రమశిక్షణ పిల్లల గౌరవానికి తగ్గట్టు ఉండాలని 28వ ఆర్టికలే అంటోంది. తల్లిదండ్రులను గౌరవించడం నేర్పాలని 29లో ఉంది. ఆ తండ్రికి అది చదివి వినిపించండి, సగం కోపం తగ్గుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఈ పాఠం తర్వాత ఏదో ఒక రోజు ఒక పిల్ల అందరూ వెళ్లాక ఆగి, ‘ఎవరికీ చెప్పనంటేనే చెప్తా టీచర్’ అనవచ్చు. ఆ మాట ఇవ్వకండి. ‘నీకు సాయం చేయగలిగే వాళ్లకే చెప్తాను’ అనండి. గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆ పిల్ల వాడిన మాటలే తేదీ వేసి రాసుకుని, అదే రోజు మీ స్కూల్లో బాలల రక్షణ చూసేవారికి అప్పగించండి.